మూడూ పదికి రావలసిన గూడ్సు

పట్టాలు పీకేసిన మూడేళ్లకు మా పాత రైలు దారిని నడక బాట చేశారు. రైళ్లు కొండ అవతల వేసిన కొత్త లైను మీదికి వెళ్లిపోయాయి. ఇవతల మిగిలినవి కంకర, వంతెన, సొరంగం, నేను.

రెండువేల పదహారు ఆకురాలు కాలంలో నాకు ఆ బాట మీద పని దొరికింది. డెబ్బై దాటినవాళ్లకు తాలూకా ఆఫీసు ఇచ్చే పని. వారానికి మూడు రోజులు, పూటకు మూడు గంటలు. ఒక పసుపుపచ్చ కోటు, ఒక పట్టకారు, ఒక గోతాము. నడవడానికి వచ్చినవాళ్లు పారేసిన చెత్త ఏరాలి. అదే లైను మీద ముప్పై అయిదేళ్లు గ్యాంగ్‌మన్‌గా సుత్తి భుజాన వేసుకుని తిరిగాను కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. అప్పుడు వదులైన బోల్టుల కోసం నేల వెతికేవాణ్ని, ఇప్పుడు కాఫీ గ్లాసుల కోసం.

నాతోపాటు మా వాడలోని యోంజు వదిన పని చేసేది. పుట్టిన ఊరు యోంజు కాబట్టి ఆ పేరు. ఆమె నోరు ఆగదు, నాది తెరుచుకోదు. అందుకని ఇద్దరికీ బాగానే సాగేది.

"దల్సు నాన్నా, నీ కోటు చూస్తే రైలే ఆగిపోయేలా ఉంది."

"రైళ్లు లేవుగా."

"అదే మరి. నిన్ను చూసే పారిపోయుంటాయి."

దల్సు మా అబ్బాయి. ఊళ్లో ఎవర్నయినా వాళ్ల పెద్దబిడ్డ పేరుతోనే కదా పిలిచేది. అయితే నేను మొదటి నుంచీ దల్సు నాన్నని కాదు. తొమ్మిదేళ్లపాటు సునోక్ నాన్నని. డెబ్బై అయిదు నవంబరులో ఒక బుధవారం నాడు సునోక్ పోయింది. గురువారం పొద్దున ఊరంతా కూడబలుక్కున్నట్టు మమ్మల్ని దల్సు అమ్మ, దల్సు నాన్న అనడం మొదలుపెట్టారు. మా మంచికే అలా చేశారు. దల్సుకి అప్పటికి రెండేళ్లు. పలకరిస్తే వాడే వెనక్కి తిరిగి చూసేవాడు.

మా ఊరికీ అవతల సంత ఊరికీ మధ్య కొండ అడ్డం. కనుమ ఎక్కి దిగితే గంటన్నర. సొరంగంలోంచి అయితే పావుగంట. రైలు లేని వేళ చూసుకుని ఊరు ఊరంతా అందులోంచే నడిచేది. నడవకూడదని బోర్డు ఉండేది. ఆ బోర్డుకి ఏటా రంగు వేసింది కూడా నేనే.

సొరంగం మూతికి దగ్గరి ఇల్లు మాది. పైగా గ్యాంగ్‌మన్ ఇల్లు. అందుకని బండ్ల వేళలు ఊరికి మా ఇంటి నుంచే తెలిసేవి. ఏ రోజైనా వేళ మారితే పొద్దున స్టేషన్లో నాకు చెప్పేవారు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మా ఆవిడ చెవిన వేసేవాణ్ని. ఆవిడ నీళ్లు ముంచే సొరబుర్రను తీసుకెళ్లి వాకిటి గుంజకు బోర్లించి కట్టేది. బుర్ర వేలాడుతుంటే ఆ పూటకి సొరంగంలో ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. బుర్ర లేదంటే మామూలు వేళలే అని లెక్క.

అక్టోబరు చివర్లో తాలూకా ఆఫీసు నుంచి సేబోమ్ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. బాట ప్రారంభం పనులన్నీ ఆమే చూసుకునేది.

"తాతగారూ, సొరంగం ముందు ఒక బోర్డు పెడుతున్నాం. ఈ దారి గురించి ఊళ్లోవాళ్ల జ్ఞాపకాలు రాయాలని. మీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు, చెప్పండి."

"నాకేం గుర్తులేదమ్మా."

యోంజు వదిన నవ్వింది. "ఈయన్ని అడిగావూ? ఈయనకంటే ముందు కొండ మాట్లాడుతుంది. పోయి వాళ్లావిణ్ని అడుగు."

"ఆవిడకి రైలు సంగతులు గిట్టవు," అన్నాను.

ఆ మాట నిజమే. నలభై ఒక్క ఏళ్లలో మా ఆవిడ ఒక్కసారి కూడా సొరంగంలో కాలు పెట్టలేదు. సంతకి కనుమ ఎక్కి పోయేది. తర్వాత బస్సు వచ్చింది కాబట్టి బతికిపోయింది. నేను చెప్పడం పూర్తయ్యేలోపే సేబోమ్ స్కూటరెక్కి మా ఇంటివైపు వెళ్లిపోయింది.

*

నేను ఇంటికి చేరేసరికి ఇద్దరూ చెక్క అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా ఆవిడ ఎండబెట్టడానికి పెర్సిమన్ పళ్లు చెక్కు తీసి దారానికి గుచ్చుతోంది. సేబోమ్ ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్సిలు. నేను వాకిట్లోనే ఆగిపోయాను. మా ఆవిడ నోటి వెంట ఆ పేరు విని నలభై ఒక్క ఏళ్లయింది మరి.

"సునోక్. రాశావా? తొమ్మిదేళ్లు. ఎడమ కనుబొమ మీద పుట్టుమచ్చ."

"పుట్టుమచ్చ కూడా రాయాలా బామ్మగారూ?"

"చోటుంటే రాయి, లేకపోతే మానెయ్. చలికాలానికి సరిపడా కిమ్చీ ఊరవేసే రోజులు. సొరంగం అవతల మా అమ్మ ఉండేది. కొత్త కిమ్చీ చిన్న కుండలో పెట్టి పిల్లకిచ్చాను. గడియారం చూశాను. రెండూ నలభై. గూడ్సు వచ్చేది మూడూ పదికి. గుంజకి బుర్ర లేదు. పోయిరా అన్నాను."

సేబోమ్ రెండు వేళలూ రాసుకుంది.

"గడియారం వెనకబడింది," అంది మా ఆవిడ. పండు తిప్పుతూ చెక్కు తెగకుండా తీస్తోంది. "ఆ పొద్దున కీ ఇవ్వడం మర్చిపోయాను. మధ్యాహ్నం గుర్తొచ్చి ఇచ్చాను. మధ్యలో ఎంతసేపు ఆగిందో చూసుకోలేదు. అది కూడా రాయి. తల్లి వేళ తప్పు చూసి పంపింది అని రాయి."

"అలా ఎలా రాస్తాం బామ్మగారూ?"

"ఎలా ఏముంది? పెన్సిలుతో. మనకంటే ముందు పోయిన పిల్లలకి తద్దినం పళ్లెం పెట్టం, గోరీ కట్టం. నేల చదును చేసి వచ్చేస్తాం. దాని పేరు రాసి ఉన్న చోటు ఈ భూమ్మీద ఒక్కటి లేదు. మీ బోర్డు మీదైనా ఉండనీ. పేరు కనిపిస్తే ఎలా పోయిందని అడుగుతారు కదా. ఉన్న మాట రాసి ఉండాలి."

నన్ను చూసి, "వచ్చావా, ఈ అమ్మాయికి నాలుగు పళ్లు సంచిలో వెయ్యి," అంది.

సంచి కోసం లోపలికి వెళ్లాను. గోడ మీద అదే గడియారం. లోలకం ఉన్నది, తొమ్మిది రోజులకోసారి కీ ఇవ్వాలి. మా ఇంట్లో అది నలభై ఒక్క ఏళ్లుగా ఇరవై నిమిషాలు ముందు నడుస్తోంది. సునోక్ పోయిన మర్నాడు మా ఆవిడ ముల్లు ముందుకు జరిపింది. మళ్లీ ఎన్నడూ ఆలస్యం కాకూడదని. మా దల్సు చిన్నప్పుడు బడికి ఎప్పుడూ అందరికంటే ముందు పోయి తలుపు తీసేదాకా గుమ్మంలో నిలబడేవాడు.

గడియారం వెనకబడలేదు.

గూడ్సే ముందొచ్చింది. సైన్యం బండి ఏదో వస్తోందని, దానికి దారి ఇవ్వాలని, ఆ ఒక్కరోజుకి గూడ్సును పద్దెనిమిది నిమిషాలు ముందు వదిలారు. పొద్దున ఎనిమిదికి స్టేషన్లో మాకు చెప్పారు. మా గ్యాంగ్ అయిదుగురం తల ఊపాం. ఆ మధ్యాహ్నం మా మేస్త్రీ గారింట్లో కిమ్చీ పెడుతున్నారు. కిమ్చీ పెట్టే ఇంట పంది మాంసం ఉడుకుతుంది, బియ్యపు కల్లు ఉంటుంది. పిలిచారు, వెళ్లాం. ఇంకో గిన్నె తాగి లేద్దాం, లేచి ఇంటికి వెళ్లి చెబుదాం అనుకున్నాను. లేవలేదు.

తర్వాత పోలీసులొస్తే మేస్త్రీ, గూడ్సు కింద పడింది అన్నాడు. ఎన్నింటికని ఎవరూ అడగలేదు. కాగితాల్లో రాసుకున్నది మా ఊళ్లో ఎవరూ చదవలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ గోడవైపు చూస్తూ, కీ ఇవ్వడం మర్చిపోయాను కదా, అది వెనకబడిందా, అని నన్నే అడిగింది.

అయ్యుంటుంది, అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. మేస్త్రీకి నలుగురు పిల్లలు, నిజం చెబితే అయిదు ఇళ్లు వీధిన పడతాయి అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. మేస్త్రీ పోయి ఇరవై ఏళ్లు దాటింది. మిగతా ముగ్గురూ పోయారు. అయినా నేను చెప్పలేదు. కాబట్టి కారణం అది కాదు.

*

వారం తర్వాత వంతెన దగ్గర చెత్త ఏరుతుంటే సేబోమ్ వచ్చింది.

"తాతగారూ, ఒక్క చిన్న తేడా వస్తోంది. రైల్వేవాళ్ల పాత కాగితం తెప్పించాను. అందులో వేళ రెండూ యాభై రెండు అని ఉంది. బామ్మగారేమో మూడూ పది అంటున్నారు. బోర్డు మీద ఏది వెయ్యను?"

ఫోనులో ఆ కాగితం చూపించింది. నేను మూడో తరగతిలో ఉండగా యుద్ధం వచ్చి బడి మూతపడింది. పెద్ద మాటలు కూడబలుక్కుని చదవాలి. అంకెలు మాత్రం ఎవరికైనా వస్తాయి. అంత చిన్న అంకెలు. నలభై ఒక్క ఏళ్లు ఎక్కడో ఒక బీరువాలో ఉన్నాయి.

"నాలుగు రోజులు ఆగమ్మా."

"పన్నెండో తారీఖున అచ్చుకివ్వాలి తాతగారూ. ఇరవైన ప్రారంభం. పోనీ బామ్మగారినే అడగనా?"

"వద్దు. నేను అడుగుతాను."

ఆమె వెళ్లాక యోంజు వదిన నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడావు. ఒంట్లో బాగుందా?"

నాలుగు రోజులు గడిచాయి. మొదటి రోజు క్యాబేజీలు వచ్చాయి. పొలం నుంచి బండిలో తెచ్చి వాకిట్లో పోశాను. రెండో రోజు మా ఆవిడ వాటిని నిలువునా చీల్చి ఉప్పులో వేసింది. నేను తొట్టిలో నీళ్లు పోశాను. చెబుదామని పక్కన నిలబడ్డాను.

"ఏంటి?" అంది.

"ఉప్పు సరిపోయిందా?"

"యాభై ఏళ్లకి ఉప్పు సంగతి అడిగావు." ఆవిడ నవ్వింది. "సరిపోయింది, పో."

ఆ రోజుల్లో ఆవిడ నవ్వుతోంది. అదే నాకు కష్టమైంది. సంత నుంచి నడవడానికి కొత్త బూట్లు తెచ్చుకుంది. ఊదారంగువి. ప్రారంభం రోజున వేసుకుంటానని అట్టపెట్టె మూత తీసి రోజుకోసారి చూసుకునేది. జుట్టుకి రంగు వేయించుకుంది. ఆకుల మధ్య ఉప్పు చల్లుతూ ఏదో కూనిరాగం తీసింది. పాటో కాదో తెలియదు. అది విని నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

తప్పంతా తనదేనని ఊరందరూ చదివేలా రాయించుకుని, దానికి కొత్త బూట్లు కొనుక్కుంది.

మూడో రోజు సాయంత్రం, "రేపు పొద్దున సొరంగం చూద్దాం వస్తావా? దీపాలు పెట్టారు," అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుంది. "బోర్డు పెట్టాక పోదామనుకున్నాను."

"అప్పుడు జనం ఉంటారు."

కాసేపు ఆలోచించి, "బూట్లు కూడా చూసినట్టవుతుందిలే, కరుస్తాయో ఏమో," అంది.

*

పొద్దున ఎనిమిది. పొగమంచు ఇంకా వదల్లేదు. సొరంగం మూతి దగ్గర ఆవిడ ఆగి రాతి గోడకి అరచెయ్యి ఆనించింది. తీసి చూసుకుంది. మసి అంటలేదు. అంతా కడిగి రంగులు వేశారు.

లోపల పైన గొలుసుల్లా చిన్న దీపాలు. నీలం, గులాబీ, పచ్చ. అడుగుల చప్పుడు తగిలితే పాట మొదలవుతుంది, ఆగితే ఆగుతుంది. అలాంటి ఏర్పాటేదో పెట్టారు. మేము నడుస్తుంటే పియానో వాయిస్తోంది.

"పెళ్లిలో లాగుంది," అంది.

సొరంగం గోడల్లో అక్కడక్కడా గూళ్లు ఉంటాయి. బండి వస్తే మనిషి దూరి గోడకి అంటుకుని నిలబడడానికి. సునోక్‌కి నడక వచ్చిన ఏడే వాటి సంగతి నేర్పాను. ఇప్పుడు ప్రతి గూట్లో ఏదో ఒక బొమ్మ పెట్టారు, ఫొటోలు దిగడానికి. ఎడమవైపు నాలుగో గూడు దగ్గర నేను ఆగాను. పాట ఆగింది.

"ఇదేనా?"

"ఇదే."

లోపల మనిషంత కుందేలు బొమ్మ ఉంది. తల మీద టోపీ, చేతిలో పచ్చజెండా.

"ఈ కుందేలు ఎవరు?"

"స్టేషన్ మాస్టరంట."

ఆవిడ వంగి కుందేలు కాళ్ల పక్కగా చూసింది. "అప్పుడు కుండ ఎక్కడుంది?"

"ఆ మూల."

"పగల్లేదన్నావు."

"పగల్లేదు. మూత కూడా జారలేదు."

"ముందు కుండ లోపల పెట్టింది." ఆవిడ నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "నేనే అన్నాను, కుండ పగిలితే వీపు పగులుతుందని."

దూరంగా ఎక్కడో నీటిచుక్క పడుతోంది. ఆ సొరంగంలో అక్కడ ఎప్పుడూ పడుతుంది, ఎన్నిసార్లు సిమెంటు పూసినా ఆగలేదు.

"గడియారం వెనకబడలేదు," అన్నాను.

"ఏంటి?"

"గడియారం సరిగ్గానే ఉంది. గూడ్సు ముందొచ్చింది. రెండూ యాభై రెండుకి. నాకు పొద్దున్నే చెప్పారు."

ఆవిడ కుందేలువైపే చూస్తోంది. దీపం రంగు మారినప్పుడల్లా ఆవిడ మొహం మారుతోంది. ఆవిడ మాత్రం కదల్లేదు.

"మరి అన్నానికి ఎందుకు రాలేదు?"

"మేస్త్రీ ఇంట్లో కిమ్చీ పెడుతున్నారు."

"మాంసం ఉడకబెట్టారా?"

"ఊఁ."

"తాగావా?"

"రెండు గిన్నెలు." మళ్లీ నేనే, "మూడు," అన్నాను.

"రుచిగా ఉందా?"

రుచిగానే ఉంది. అది కూడా నాకు గుర్తుంది.

ఆవిడ నడవడం మొదలుపెట్టింది. మా ఊరివైపు కాదు, అవతలివైపు, వాళ్లమ్మ ఊరివైపు. పాట మళ్లీ మొదలైంది. ఊదారంగు బూట్లు అవతలి వెలుతురులో కలిసిపోయేదాకా ఆ పియానో వినబడింది. తర్వాత ఆగింది. నేను అక్కడే ఉండిపోయాను. పనికి వేళయ్యాక యోంజు వదిన వచ్చి పట్టకారు చేతిలో పెట్టింది.

మా ఆవిడ మధ్యాహ్నం తిరిగొచ్చింది. సొరంగంలోంచి కాదు. కనుమ ఎక్కి దిగి వచ్చింది. కొత్త బూట్లు మడమల దాకా మట్టి.

ఆ పూట నా అన్నం విడిగా చిన్న బల్ల మీద పెట్టింది. తనది వంటింట్లో పెట్టుకుంది. పెళ్లయిన కొత్తలో మా అమ్మ బతికుండగా అలా తినేవాళ్లం. తర్వాత ఎప్పుడూ ఒకే బల్ల.

మర్నాడు పొద్దున కూడా అలాగే పెట్టింది. నేను తిని లేస్తుంటే గుమ్మంలో నిలబడి, "స్టూలెక్కు," అంది.

"ఎందుకు?"

"ఇరవై నిమిషాలు వెనక్కి తిప్పు."

ఎక్కాను. లోలకం ఆపి, ఫోనులో వేళ చూసి, ముల్లు వెనక్కి జరిపాను. రెండుసార్లు ఎక్కువ తిరిగింది. మళ్లీ సరిచేసి లోలకం కదిపాను.

"ఇప్పుడు సరిగ్గా ఉందా?"

"ఉంది."

"అప్పుడూ సరిగ్గానే ఉందా?"

"అప్పుడూ సరిగ్గానే ఉంది."

ఆవిడ చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడింది. నేను స్టూలు దిగాలా వద్దా తెలియక పైనే ఉన్నాను. తర్వాత ఆవిడ చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని కారం కలపడానికి వెళ్లింది.

*

ఆ రోజే మా ఇంట్లో కిమ్చీ పెట్టారు. పన్నెండో తారీఖు. యోంజు వదిన సాయం వచ్చింది. మా ఇంట్లో కిమ్చీ పెట్టేనాడు మాంసం ఉడకదు. నలభై ఏళ్లుగా అంతే. ఆ రోజు నేను మాంసం ముట్టనని మా ఆవిడకి తెలుసు, ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడు మొదటిసారి యోంజు వదినే అడిగింది.

"దల్సు అమ్మా, ఏటా ఊరికే చాకిరీ చేయించుకుంటావు. ఒక్క మాంసం ముక్క పెట్టవు."

"మా ఆయన తినేశాడు," అంది మా ఆవిడ. "ఎప్పుడో."

యోంజు వదిన నవ్వింది. నేను కుండలు మోశాను.

మధ్యాహ్నం సేబోమ్ వచ్చింది. గచ్చంతా క్యాబేజీలు, ఎర్రటి కారం. అడుగు పెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడింది. "తాతగారూ, ఈ రోజే అచ్చుకివ్వాలి. వేళ తేల్చారా?"

నేను పొద్దున్నుంచీ అనుకుంటున్న మాట బయటికి తెచ్చాను. "తండ్రి గ్యాంగ్‌మన్. గూడ్సు ముందొస్తుందని అతనికి తెలుసు. ఇంటికెళ్లి చెప్పలేదు. అలా రాయమ్మా."

సేబోమ్ నా మొహం చూసింది, మా ఆవిడ మొహం చూసింది. పెన్సిలు తీయలేదు.

"సునోక్ నాన్నా, నువ్వు ఊరుకో," అంది మా ఆవిడ.

యోంజు వదిన చేతిలో ముల్లంగి ఆగిపోయింది. మా ఆవిడ మాత్రం ఆకు ఆకుకీ మధ్య కారం పూస్తూనే ఉంది.

"అది రాయకు అమ్మాయ్. వచ్చేపోయేవాళ్లంతా చదివి, పక్కనే చెత్త ఏరుతున్న మనిషిని తిట్టుకుంటూ పోతారు. తిట్టడానికి వాళ్లెవరు? నేనున్నానుగా."

"మరి ఏం రాయను బామ్మగారూ?"

"పేరు, వయసు. పుట్టుమచ్చ వద్దులే. అడుగున, వాళ్లమ్మ చెప్పిన వేళ సరైనదే, అని రాయి. అంతే."

"చదివేవాళ్లకి అర్థం కాదేమో."

"అర్థం కాకపోతే అడుగుతారు. చెప్పడానికి మనిషి అక్కడే తిరుగుతుంటాడు."

ఇరవయ్యో తారీఖున ప్రారంభం జరిగింది. శుభం కోసం బల్ల మీద పంది తల పెట్టారు, పెద్దవాళ్లు దణ్ణం పెట్టారు, రిబ్బను కోశారు. మా ఆవిడ బూట్లు కడిగి వేసుకుని వచ్చింది. బోర్డు ముందు నిలబడి వేలితో ఒక్కో అక్షరం తడిమి చదివింది. చివరి వాక్యం దగ్గరికి రాగానే చెయ్యి తీసేసి, సేబోమ్‌ని, "ఈ అక్షరాలు వానకి పోవు కదా?" అని అడిగింది. పోవంది ఆ అమ్మాయి.

మర్నాడు నేను సొరంగంలో చెత్త ఏరుతుంటే నాలుగో గూట్లో కుందేలు కాళ్ల పక్కన చిన్న కుండ కనబడింది. మూత తీశాను. మా ఇంటి కొత్త కిమ్చీ. నా పని ప్రకారం అది చెత్త. మూత పెట్టి ముందుకి నడిచాను. అప్పటి నుంచి ఏటా నవంబరులో ఆ గూట్లో ఒక కుండ ఉండేది. ఇప్పుడు నేనే పెడుతున్నాను. కారం ఆవిడ కలిపినట్టు రాదు.

*

ఆ తర్వాత మా ఆవిడ నాలుగేళ్లు బతికింది. నన్ను తిట్టలేదు. రెండు బల్లలు మళ్లీ ఒకటి కాలేదు. అన్నానికి పిలిచినా, మందుబిళ్ల అడిగినా, సునోక్ నాన్నా అనే పిలిచింది. ఊళ్లోవాళ్లు మాత్రం అలవాటు మార్చుకోలేదు. ఆ పేరున నన్ను పిలిచే మనిషి ఆవిడ ఒక్కతే.

పని రోజుల్లో సాయంత్రం కోటు విప్పుతుంటే వంటింట్లోంచి ఒకటే అడిగేది.

"ఈ రోజు ఎవరైనా అడిగారా?"

"అడిగారు."

"చెప్పావా?"

"లేదు."

గిన్నెల చప్పుడు వినబడేది. అడిగినవాళ్లకి నేను, నాకు తెలియదండీ, చెత్త ఏరేవాణ్ని, అనేవాణ్ని. చాలామంది అడిగారు. ఆ వాక్యం దగ్గర అందరూ ఆగుతారు.

నాలుగో ఏడు చలి తగ్గకముందే ఆవిడకి ఊపిరి అందలేదు. పట్నం ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంది. దల్సు వచ్చి కూర్చున్నాడు. చివర్లో ఆవిడ వేళ ఎంతయిందని అడిగింది. దల్సు చెప్పాడు. ఆవిడ నావైపు చూసింది. అవును, అంతే అయింది, అన్నాను. అప్పుడు కళ్లు మూసుకుంది.

ఏప్రిల్లో మళ్లీ పనిలోకి వెళ్లాను. చెర్రీ పూలు రాలి బాటంతా తెల్లగా ఉంది. నా వయసుకి కాస్త తక్కువ ఉన్న ఒకావిడ చేతికర్ర ఆనించుకుని బోర్డు చదువుతోంది. రెండుసార్లు చదివింది. నన్ను పిలిచింది.

"అన్నగారూ, వాళ్లమ్మ చెప్పిన వేళ సరైనదే అని రాశారు. ఇదేంటి? అయితే పిల్ల ఎలా పోయింది?"

నోటి దాకా అలవాటైన మాట వచ్చింది. మింగేశాను.

"గూడ్సు మూడూ పదికి రావాలి. ఆ రోజు రెండూ యాభై రెండుకే వచ్చింది. ముందొస్తుందని వాళ్ల నాన్నకి తెలుసు. మాంసం తింటూ కూర్చుని, ఇంటికెళ్లి చెప్పలేదు."

ఆవిడ బోర్డువైపు చూసింది. "ఆ తల్లి?"

"ఫిబ్రవరిలో పోయింది."

"ఆ తండ్రి ఉన్నాడా ఇంకా?"

"ఉన్నాడు. ఇక్కడే. చెత్త ఏరుతున్నాడు."

ఆవిడ కర్ర రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడి, తల వంచి సొరంగంలోకి వెళ్లింది. లోపల పియానో మొదలైంది.

సాయంత్రం ఇంటికొచ్చి కోటు విప్పి మేకుకి తగిలించాను. వంటింటివైపు తిరిగి కాసేపు నిలబడ్డాను. తర్వాత అన్నం తిని, గడియారానికి కీ ఇచ్చాను.